ఏటేటా కొత్త సూది ఎందుకు?

మొన్న వేసవిలో మేడ మీద వడియాలు పెడుతూ వుంటే పక్కింటి పిన్నిగారు నన్నొక ప్రశ్న వేశారు. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. ఉబ్బసం వుంది. చలిగాలి తగిలితే చాలు, రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవారుతుంది.

"మా చిన్నప్పుడు మశూచికి టీకా వేశారు. ఇదిగో, మచ్చ యిప్పటికీ వుంది. మనవడికి తట్టు రాకుండా సూది వేయించాం, రెండు మాట్లతో సరిపోయింది. మరి యీ ఫ్లూ సూది ఏమిటే అమ్మా, ఏడాదికోసారి రమ్మంటాడు డాక్టరు? పోయినేడు వేసింది పాచిపోయిందా?"

"వైరస్ మారిపోతుంది పిన్నిగారూ, అందుకని" అన్నాను. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే దాన్ని గదా, ఆ మాత్రం జవాబు నోటికి తగిలే వుంటుంది. ఆవిడ వూరుకోలేదు. "ఎందుకు మారుతుంది? దానికేమన్నా బుద్ధా, పాడా?" అన్నారు.

నిజంగా ఆలోచించవలసిన ప్రశ్నే యిది. ఆ పూట వడియాలు ఎండేలోపల నేను ఆవిడకు చెప్పింది, చెప్పలేక తరవాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది కలిపి యివాళ మీకు చెబుతాను.

వైరస్ అంటే మరీ చిన్నది. ఫ్లూ వైరస్‌లను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక్క మిల్లీమీటరు పొడవులో పదివేలు పడతాయి. దానికి నోరు లేదు, కడుపు లేదు. తనంతట తాను పిల్లల్ని పెట్టలేదు. మన శరీరంలోని ఒక కణంలో దూరి, ఆ కణం చేతనే తన నకళ్ళు తీయించుకోవాలి. దూరాలంటే ముందు కణాన్ని పట్టుకోవాలి గదా! ఆ పట్టుకునే పనికే వైరస్ పైభాగమంతా ముళ్ళలాగా ప్రోటీనులు పొడుచుకుని వుంటాయి. ప్రోటీనులంటే మరేమీ కాదు, పప్పులో, గుడ్డులో వున్నాయని చెప్పుకునే మాంసకృత్తులే. ఫ్లూ వైరస్ మీద యీ ముళ్ళు మూడు నాలుగు వందల దాకా వుంటాయి.

రవికకు హుక్కులూ కాజాలూ కుట్టుకుంటాం చూడండి, అలాగనుకోండి. వైరస్ మీద వున్నది హుక్కు. మన కణం మీద కాజా వుంటుంది. ఆ కాజా ఒక రకం చక్కెర. మనం కాఫీలో వేసుకునే చక్కెర కాదు. సియాలిక్ ఆమ్లం అంటారు. మన ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో కణాల పైన యీ చక్కెర తీగలు తీగలుగా వేలాడుతూ వుంటుంది. హుక్కు కాజాలో పడిందంటే వైరస్ లోపలికి వెళ్ళినట్టే.

ఈ హుక్కు సంగతి బయటపడ్డది కోడిగుడ్డు పుణ్యాన. 1941లో న్యూయార్కులో, రాక్‌ఫెల్లర్ వారి పరిశోధనశాలలో జార్జి హర్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు పొదిగిన కోడిగుడ్లలో ఫ్లూ వైరస్ పెంచుతున్నాడు. గుడ్డులోంచి ద్రవం తీస్తూ వుండగా పిల్ల రక్తనాళం చిట్లి నెత్తురు ఆ ద్రవంలో కలిసింది. ఎర్రకణాలు విడివిడిగా వుండక, విరిగిన పాలలాగా ముద్దలు కట్టాయి. ఒక్కొక్క వైరస్ తన హుక్కులతో రెండు మూడు ఎర్రకణాలను ఒకేసారి పట్టుకుని లాగటం వల్ల అలా అయింది. నెత్తురును ముద్ద కట్టించేది గనుక ఆ హుక్కుకు హీమగ్లుటినిన్ అని పేరు పడింది. హెచ్-3 ఎన్-2, హెచ్-5 ఎన్-1 అని పత్రికల్లో చదువుతాం చూడండి, అందులో హెచ్ యీ హీమగ్లుటినినే. ఎన్ అనేది ఒక కత్తెర. కొత్తగా పుట్టిన వైరస్‌లు బయటికి పోబోతూ అదే చక్కెరకు అంటుకుపోతాయి గదా, వాటిని కత్తిరించి వదిలిపెట్టే ప్రోటీను అది. ఇవాళ మనకు పని హుక్కుతోనే.

హుక్కును దగ్గరగా చూస్తే అదొక పూసల దండ. దాదాపు 550 పూసలు. ఎమైనో ఆమ్లాలని వాటి పేరు. అటువంటి దండలు మూడు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఒక ముల్లు అవుతుంది. 1981లో ఇయాన్ విల్సన్, జాన్ స్కెహెల్, డాన్ వైలీ అనే ముగ్గురు ఎక్స్‌రేల సాయంతో దాని రూపం మొత్తం గీసి చూపించారు. ముల్లు కొసన చిన్న గుంట వుంది. కణం మీది చక్కెర వచ్చి కూర్చునేది ఆ గుంటలోనే. గుంట చుట్టూ గట్టు. ఈ గుంటనూ గట్టునూ గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా అక్కడే నడుస్తుంది.

ఫ్లూ వైరస్ అసలు మనది కాదు. దాని పుట్టిల్లు నీటిపక్షులు, ముఖ్యంగా బాతులు. బాతుకు ఫ్లూ పేగుల్లో వుంటుంది. చాలాసార్లు బాతుకు ఏమీ చెయ్యదు. రెట్టతో చెరువులో పడుతుంది, ఆ నీళ్ళు తాగిన యింకొక బాతుకు అంటుతుంది. బాతు పేగుల్లోనూ కాజా యీ చక్కెరే. కాని తగిలించిన తీరు వేరు. పక్షుల్లో అది తిన్నగా నిలబడి వుంటుంది, మన ముక్కులో గొంతులో వున్నది వంపు తిరిగి వుంటుంది. ఒకే గుడ్డతో చేసిన కాజాయే, ఒకటి నిలువుగా కుట్టారు, ఒకటి అడ్డంగా కుట్టారు. పక్షి వైరస్ హుక్కు నిలువు కాజాకు అలవాటు పడ్డది. మన గొంతులో అది జారిపోతుంది.

మరి మనకు ఫ్లూ ఎలా వచ్చింది? 1968లో హాంకాంగ్ ఫ్లూ అని వచ్చింది. పెద్దవాళ్ళు కొందరికి జ్ఞాపకం వుండవచ్చు. మనుషుల్లో తిరుగుతున్న ఫ్లూ వైరస్, పక్షి వైరస్ కలగలిసి కొత్తది పుట్టింది. దాని హుక్కు పక్షులది. ఆ హుక్కులో 226వ పూస, 228వ పూస, యీ రెండూ గుంట పక్కనే వున్నవి, మారిపోయి వున్నాయి. 550 పూసల్లో రెండు! అంతమాత్రాన నిలువు కాజా హుక్కు అడ్డకాజాకు సరిపోయింది. ఆ హెచ్-3 ఎన్-2 వైరస్ సంతతే యింకా మన మధ్య తిరుగుతూ, యేటా జ్వరాలు తెస్తున్నది. అంతకు ముందు 1957లో వచ్చినదీ యిట్లా కలిసి పుట్టినదే. ఆ యేడు మే నెలలో సింగపూరు నుంచి వచ్చిన ఓడతో మద్రాసులో దిగి దేశమంతా పాకింది. 2009 నాటి స్వైన్ ఫ్లూ హుక్కు పందుల్లో నుంచి వచ్చింది. మన దేశంలో దాని మొదటి రోగి ఆ యేడు మే నెలలో హైదరాబాదులోనే బయటపడ్డాడు. ఇక 1918 నాటిది చెప్పనే అక్కర్లేదు, అప్పుడు మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకు వద్దాం. దానికి బుద్ధి వుందా?

లేదు. వున్నది మతిమరుపు. వైరస్‌కు తన వివరమంతా ఒక చీటీ మీద వ్రాసి వున్నట్టు వుంటుంది. ఫ్లూ వైరస్‌కు ఎనిమిది చీటీలు, మొత్తం పదమూడు వేల అయిదువందల అక్షరాలు. కణంలో దూరగానే వేలకొద్దీ నకళ్ళు తయారవుతాయి. మన కణాలు తమ నకలు తాము తీసుకునేటప్పుడు తప్పులు సరిచూసే ఏర్పాటు వుంది. ఫ్లూ వైరస్‌కు అది లేదు. పక్కింటావిడ చెప్పిన ఆవకాయ కొలతలు ఒకరి నుంచి ఒకరు వ్రాసుకుంటూ పోతే, పదో యింటికి వచ్చేసరికి ఆవపిండి తవ్వెడు కాస్తా సోలెడు అయివుంటుంది. అలాగే యిక్కడా అక్షరాలు తప్పుతాయి. అక్షరం తప్పితే పూస మారుతుంది. చాలా తప్పులు వైరస్‌కే చేటు. హుక్కు వంకరపోతుంది, ఆ వైరస్ అక్కడితో సరి. కొన్ని తప్పుల వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఎప్పుడో ఒక తప్పు కలిసి వస్తుంది. ఆ కలిసివచ్చిన దాని సంతతే పెరిగి వూరంతా తిరుగుతుంది. మనకేమో "వైరస్ తెలివిగా మారింది" అనిపిస్తుంది. నిలబడ్డదాన్నే మనం చూస్తాం, పోయిన లక్షలు మన కంటబడవు.

కలిసిరావటం అంటే ఏమిటి మరి? ఒకటి, యిందాక చెప్పినట్టు కాజాకు సరిపోవటం. రెండోది మన శరీరం కళ్ళు గప్పటం. ఒకసారి జ్వరం వచ్చి తగ్గినా, సూది వేయించుకున్నా మన నెత్తుట్లో యాంటీబాడీలనేవి తయారవుతాయి. అవి వైరస్‌ను గుర్తుపట్టి, పోయి హుక్కు మీద కూర్చుంటాయి. హుక్కు మీద మరొకటి కూర్చుంటే అది కాజాలో ఎట్లా పడుతుంది? జ్వరం రాదు. యాంటీబాడీ గుర్తుపట్టేది ఎక్కువగా ఆ గుంట చుట్టూ వున్న గట్టునే. గట్టు మీద ఒక పూస మారిందనుకోండి, నిన్నటి యాంటీబాడీ దాన్ని చూసి "ఎవరో కొత్తవాళ్ళు" అని వూరుకుంటుంది.

అయితే వైరస్‌కూ ఒక చిక్కు వుంది. ముఖం మార్చాలి, హుక్కు చెడకూడదు. గుంట మరీ మారిపోతే కాజా పట్టదు, గట్టు మారకపోతే యాంటీబాడీ పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్యనే దాని బతుకు. 1968 నుంచి 2003 దాకా ముప్పయి అయిదేళ్ళ హెచ్-3 ఎన్-2 వైరస్‌లను వరసగా పెట్టి చూశారు. మన శరీరం గుర్తుపట్టలేనంతగా వైరస్ ముఖం మారిన ప్రతిసారీ ఆ మార్పు ఏడంటే ఏడు పూసల్లోనే జరిగిందట. ఆ ఏడూ గుంటను ఆనుకుని వున్నవే. చాలాసార్లు ఒక్క పూస మారితేనే పోయినేటి టీకా చాలక, కొత్తది తయారు చెయ్యవలసి వచ్చింది. 2013లో యీ సంగతి ప్రకటించారు. నాకైతే చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. పిన్నిగారి సూది పాచిపోవటం కాదు, వైరస్ బొట్టు మార్చుకుని వచ్చింది!

ఇంకొక ఎత్తు వుంది. ఈ హుక్కు తన మీద మన కణంలోని చక్కెరనే పూత పూసుకుంటుంది. గవ్వలకు పాకం పట్టించినట్టు. ఆ చక్కెర మన సొంతం కాబట్టి మన శరీరం దాని జోలికి పోదు, పూత కింద వున్న పూసలు కనపడవు. 1968 నుంచి హెచ్-3 ఎన్-2 యిట్లా ఒక్కొక్క పూత పెంచుకుంటూ వచ్చింది. ఇన్ని మార్పులకు హుక్కు కూడా కొంచెం మారక తప్పలేదు. హర్స్ట్ కోడి నెత్తురుతో పరీక్ష చేశాడని చెప్పానే, ఆ పరీక్షే ప్రపంచమంతా చేసేవారు. 1990ల తరవాత చూస్తే హెచ్-3 ఎన్-2 కోడి ఎర్రకణాలను సరిగా ముద్ద కట్టించటం లేదు. మనుషుల కాజాకు అంతగా అలవాటు పడిపోయి, కోడి కాజాను మరిచిపోయిందన్న మాట. ఇప్పుడు ఆ పరీక్షకు గినీపిగ్ నెత్తురు వాడుతున్నారు.

తట్టుకు సూది ఎందుకు పాచిపోదు మరి? తట్టు వైరస్ మీదా హుక్కు వుంది. దాని నకళ్ళలోనూ తప్పులు దొర్లుతాయి. కాని దాని హుక్కు మన కణాలను పట్టుకునే చోటూ, యాంటీబాడీలు గుర్తుపట్టే చోటూ చాలామట్టుకు ఒకటే. ముఖం మారిస్తే హుక్కు చెడుతుంది. అందుకని మారినవి మారినట్టే నశించిపోతాయి. 1954లో బోస్టనులో ఒక పిల్లవాడి నుంచి తీసిన వైరస్ సంతతితోనే మన దేశంలో పిల్లలకు తట్టు టీకా యీనాటికీ తయారవుతున్నది. కరోనా ముల్లు ఫ్లూ దారినే పోయింది. 2021 నవంబరులో వచ్చిన ఒమిక్రాన్ ముల్లులో ఒక్కసారే ముప్పయికి పైగా మార్పులున్నాయి. అందుకనే ముందు జ్వరం వచ్చినవాళ్ళకే మళ్ళీ వచ్చింది. సూదులు వేయించుకున్న వారిని చాలామందిని ప్రాణం మీదికి రానివ్వలేదు గాని, జలుబూ జ్వరమూ తప్పలేదు.

ఫ్లూ టీకా తయారీలో ఒక తమాషా వుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ సమావేశమై, రాబోయే కాలంలో ఏ ముఖాలు తిరుగుతాయో అంచనా కట్టి చెబుతారు. ఆ వైరస్‌లను చాలాచోట్ల యింకా కోడిగుడ్లలోనే పెంచుతారు. గుడ్డులో వున్నది పక్షి కాజా గదా! మనుషుల వైరస్‌ను తీసుకుపోయి గుడ్డులో పెడితే, అక్కడ బతకటానికి దాని హుక్కు మళ్ళీ కొంచెం వెనక్కి మారుతుంది. 2014 నుంచి తిరిగిన హెచ్-3 ఎన్-2 మీద కొత్తగా ఒక చక్కెర పూత వుండేది. గుడ్డులో పెంచేసరికి టీకా వైరస్‌కు ఆ పూత వూడిపోయింది. సూది వేయించుకున్నవాళ్ళ శరీరం పూత లేని ముఖాన్ని నేర్చుకుంది, వీధిలో తిరిగేది పూత వున్న ముఖం. ఆ కాలపు టీకా అంత బాగా పనిచెయ్యకపోవటానికి యిదొక కారణమని 2017లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు చూపించారు. గుడ్డు అక్కర్లేకుండా టీకా తయారుచేసే పద్ధతులు కూడా యిప్పుడు వున్నాయి. అంచనా కొన్నేళ్ళు బాగా కుదురుతుంది, కొన్నేళ్ళు కుదరదు. ఈ మాట దాచకుండా చెబితేనే మంచిదని నా అభిప్రాయం. అంతంతమాత్రంగా కుదిరిన యేడు కూడా ఆసుపత్రి దాకా పోవలసిన జబ్బు కొంత తగ్గుతుంది. ఉబ్బసం, చక్కెరజబ్బు, గుండెజబ్బు వున్నవాళ్ళకు ఆ కొంతే ఎంతో.

కోడి మాట వచ్చింది గనుక బర్డ్ ఫ్లూ సంగతి చెప్పి తీరాలి. 1997లో హాంకాంగులో హెచ్-5 ఎన్-1 అనే పక్షి వైరస్ 18 మందికి అంటింది. అందులో ఆరుగురు పోయారు. అక్కడి కోళ్ళను పది లక్షలకు పైగా చంపేశారు. ఈ వైరస్ కోళ్ళను అంత త్వరగా ఎందుకు చంపుతుందంటే, దానికీ హుక్కులోనే కారణం వుంది. హుక్కు కొత్తగా తయారైనప్పుడు దారంతో కుట్టేసి వున్నట్టు వుంటుంది. ఆ దారం తెగితేగాని పనిచెయ్యదు. మామూలు పక్షి ఫ్లూకు ఆ దారం తెంపే కత్తెర పేగుల్లోనూ, శ్వాసనాళంలోనూ మాత్రమే దొరుకుతుంది. హెచ్-5 ఎన్-1 లో ఆ దారం దగ్గర కొన్ని పూసలు అదనంగా చేరాయి. అలాంటి దారాన్ని తెంపే కత్తెర కోడి శరీరంలో ప్రతి అవయవంలోనూ వుంది. అందుకని మెదడు, గుండె, అన్నింటిలోకీ పాకి ఒకటి రెండు రోజుల్లో కోడి చనిపోతుంది.

మనుషుల్లో అది సులువుగా ఒకరి నుంచి ఒకరికి అంటదు. పక్షి కాజా లాంటిది మనలోనూ వుంది గాని, అది వూపిరితిత్తుల అడుగున వుంది. అక్కడిదాకా దిగితే జబ్బు చాలా ప్రమాదం. కాని అక్కడి నుంచి తుమ్ములో బయటికి వచ్చి పక్కవాళ్ళకు అంటటం కష్టం. 2012లో హాలండులో రాన్ ఫౌషే, అమెరికాలో యోషిహిరో కవవోకా విడివిడిగా చేసిన ప్రయోగాల్లో, కొద్దిపాటి మార్పులతో యీ వైరస్ ఫెర్రెట్ అనే ముంగిస లాంటి జంతువుల్లో గాలి ద్వారా అంటగలదని తేలింది. ఆ ప్రయోగాలు అసలు చెయ్యవచ్చునా అని పెద్ద రభసే అయింది. 2024 మార్చిలో అమెరికాలో యీ వైరస్ పాడిఆవుల పొదుగుల్లో కనపడింది. పచ్చిపాలలో బతికున్న వైరస్ దొరికింది. ఆ యేడు డిసెంబరులో ఆవుల్లోని వైరస్ హుక్కును పరీక్షించి, ఒకే ఒక పూస మారిస్తే అది మనుషుల కాజాను పట్టుకుంటుందని ప్రకటించారు. ఏ పూసో చెప్పనా? 226వ పూసే! ప్రాణమున్న వైరస్‌తో చేసింది కాదది, ఒట్టి హుక్కుతో చేసిన పరీక్ష. హుక్కొక్కటే మారితే చాలదు, వైరస్‌లో యింకా కొన్ని మార్పులు కావాలి. అయినా ఆ పూస పేరు వింటే నాకు 1968 గుర్తుకు వస్తుంది.

మనకూ యిది దూరపు కథ కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో హెచ్-5 ఎన్-1 వచ్చింది. మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పసిబిడ్డ దీనితో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట పెట్టుకున్నదని పత్రికల్లో వచ్చింది. మాంసం లోపలిదాకా బాగా వుడికితే వైరస్ చస్తుంది. డెబ్బయి డిగ్రీలు చాలు, మన కూరలు అంతకన్నా ఎక్కువే వుడుకుతాయి. భయం పచ్చిమాంసం కడిగేటప్పుడూ, కోసేటప్పుడూ. ఆ చేత్తో పిల్లల మూతి తుడవటం, అదే కత్తిపీట మీద టమాటాలు తరగటం మనం రోజూ చేసేవే. పిల్లలు వంటింట్లో కాళ్ళకడ్డం పడుతూ వుంటారు గదా, కోడిమాంసం కోసే పూట వాళ్ళని అవతలికి పంపండి. పచ్చసొన జారుతూ వుండే గుడ్డు పిల్లలకు పెట్టకండి. పాలు మనం ఎటూ కాచే తాగుతాం.

కడుపుతో వున్న ఆడపిల్లలు ఫ్లూ సూది వేయించుకుంటే, వాళ్ళ యాంటీబాడీలు కడుపులోని బిడ్డకూ చేరుతాయి. ఆరునెలల లోపు పసికందులకు ఫ్లూ సూది వెయ్యరు. వాళ్ళకు తల్లి యిచ్చిందే రక్ష. సూది వేయించుకున్న రెండు వారాలకు గాని పని మొదలవదు గనుక, మన దగ్గర వానాకాలం జ్వరాలు మొదలవక ముందే డాక్టరుగారిని అడగండి.

ఇంతా విని పిన్నిగారు వడియాల చీర మడత సవరిస్తూ, "అయితే అది బుద్ధిలేనిదే గాని ఓపిక గలది" అన్నారు. జూన్ మొదటివారంలో ఆవిడ్ని నేనే రిక్షాలో తీసుకువెళ్ళాను. సూది పొడుస్తున్నంతసేపూ డాక్టరుగారిని, "నాయనా, యీ యేడు పూస సరిగ్గా చూసే తెచ్చారా?" అని అడుగుతూనే వున్నారు.